గాలికేసిన వల

ధనరాజు గాలిని తిరగేసి రాసేవాడు.

మిగతావన్నీ బాగానే వచ్చాయి. మబ్బు ఎంత ఎత్తున ఉందో, ఆకాశాన్ని ఎంత కప్పిందో, దూరాన ఏ నీళ్ల ట్యాంకు వరకు కనిపిస్తే చూపు ఎన్ని కిలోమీటర్లో, అన్నీ పట్టేశాడు. అరగంటకోసారి పైలట్లకు పంపే వాతావరణ నివేదికలోని పొట్టి అంకెల వరుసను గడగడా చదివేవాడు. గాలి దిక్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి మొరాయించేది. వాయవ్యం నుంచి వీచే గాలిని ఆగ్నేయం అని రాసేవాడు.

తప్పెక్కడుందో అతనికీ తెలుసు. కళింగపట్నంలో తండ్రి నూకయ్య పడవ మీద అడిగేది ఒక్కటే: గాలి ఎటు తోస్తాది? ఎక్కడ పుట్టి వచ్చిందో వాళ్లకెందుకు? విమానాల లెక్క వేరు. గాలి వచ్చే దిక్కే రాయాలి. విమానం ఎదురుగాలిలో దిగుతుంది. దిక్కు తిరగేసి చెబితే గాలి వెనక నుంచి తోస్తుంది, రన్‌వే చాలదు.

జిల్లాలో కొత్తగా లేచిన విమానాశ్రయంలో వాతావరణం గమనించి రాసే పనికి శిక్షణకు తీసుకున్నది ఆరుగురిని. నేర్పేది జగదీశ్వరి. విజయనగరంలో తరాలుగా సంగీతం చెప్పిన కుటుంబం ఆవిడది. అపస్వరం వింటే మొహం ఎలా పెడతారో, తప్పు అంకె చూసినా అలాగే పెట్టేది.

"రెండుసార్లయింది ధనరాజూ. శుక్రవారం గాలి అంకెలు చూపే స్క్రీన్లు కప్పేసి, కంటితో చూసి రాయిస్తాను. మళ్లీ తిరగేశావంటే నీ శిక్షణ పుస్తకంలో సంతకం పెట్టను."

సంతకం లేకపోతే డ్యూటీ లేదు. డ్యూటీ లేకపోతే కాంట్రాక్టు లేదు. డిగ్రీ పట్టా ఇంట్లో పెట్టుకుని మళ్లీ తండ్రి పడవే ఎక్కాలి. పడవ మీద అతనికి కోపం లేదు. ఎక్కుతుంటే చూసి నవ్వేవాళ్లమీదే కోపం.

బుధవారం సెలవుకి ఇంటికెళ్లాడు. ఇసుకలో కూర్చుని సంచివల బాగుచేస్తున్న నూకయ్య తలెత్తాడు.

"ఏట్రా, మొహం అలగున్నాది?"

"గాలి కాడ తప్పుతన్నాను నానా."

"గాలి కాడా? నువ్వా?" నూకయ్య పగలబడి నవ్వాడు. "ఒసే మరిడీ, ఇలా రా! నీ కొడుకు గాలి కాడ ఫెయిలంట!"

చేపలు ఎండబెడుతున్న మరిడమ్మ అక్కడి నుంచే అంది: "నీ కాడ నేర్సుకుంటే మరేటవుతాది!"

ధనరాజు ఇసుకలో బొమ్మ గీశాడు. "కర్రకి గుడ్డ గొట్టం కడతారు. ఒకేపు పెద్ద మూతి, ఒకేపు సన్న తోక. గాలికి ఊగతాది. నా కళ్లు తోక కాడికే పోతాయి. అది సూపించిన దిక్కే రాసేత్తన్నాను."

నూకయ్య బొమ్మను చూశాడు, ఒళ్లో ఉన్న వలను చూశాడు.

"ఇది సంచివల కదరా! వంశధార సముద్రంలో కలిసే మొగలో వల మూతి ఎటు పెడతాం?"

"నీరొచ్చే ఏపు."

"తోక సూసి ఎవుడైనా వలేత్తాడేట్రా ఎర్రెదవా? అది గాలికేసిన వల. మూతి సూడు."

శుక్రవారం జగదీశ్వరి స్క్రీన్ మీద తువ్వాలు కప్పింది. పది గంటలకు గుడ్డ గొట్టం మూతి కొండల వైపుంది. ధనరాజు వాయవ్యం, మూడు వందల ఇరవై అని రాశాడు. ఆవిడ తలూపింది.

తర్వాత గాలి పడిపోయింది. గుడ్డ తడిసిన చొక్కాలా వేలాడింది. కాసేపటికి మెల్లగా లేచింది. పదిన్నరకు మూతి సముద్రం వైపు తిరిగి ఉంది. ఆగ్నేయం, నూట నలభై.

ధనరాజు పెన్ను ఆగింది. అది సరిగ్గా అతని పాత తప్పే. వాయవ్యాన్ని తిరగేస్తే వచ్చే అంకె అదే. పది గంటలకు వేసిన మూడు వందల ఇరవయ్యే మళ్లీ వేసేస్తే ఎవరూ అడగరు. ఇంకోసారి బయటికెళ్లి చూశాడు. మూతి సముద్రం వైపే. వచ్చి నూట నలభై రాశాడు.

"అయిపోయావురా బాబూ, మళ్లీ తిరగేశావు," అన్నాడు పక్కనున్న తోటి ట్రైనీ కామేష్.

జగదీశ్వరి కాగితం చూసి అపస్వరం విన్నట్టు మొహం పెట్టింది. "అరగంటలో గాలి పూర్తిగా వెనక్కి తిరిగిందా?"

"తిరిగింది మేడమ్. కొండగాలి ఆగిపోయింది, సముద్రపు గాలి ఎక్కింది."

"తప్పయితే?"

"నా బ్యాగు సర్దుకుంటాను. గాలి మాత్రం అటు నుంచే వస్తోంది."

ఆవిడ తువ్వాలు లాగేసింది. స్క్రీన్ మీద నూట నలభై. అతని పుస్తకం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

పదకొండు గంటల నివేదిక ధనరాజు ఒక్కడే రాశాడు. పక్కన ఎవరూ నిలబడలేదు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"నానా, సంతకం ఎట్టేసింది."

"సరే గానీ, ఆ వల్లో ఏటైనా పడ్డాదా?"

"సముద్రపు గాలి పడ్డాది నానా."

"అయితే ఆ గాలికి పడవలు ఒడ్డుకొచ్చేత్తాయి. మీ అమ్మకి సెప్తాను, సేపల బుట్టలు తీమని," అని నూకయ్య ఫోన్ పెట్టేశాడు.