పలక తెచ్చుకో

బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. శబ్దం పాఠం వచ్చినప్పుడు, పుస్తకం మూసేసి పిల్లల చేతే చేయించాలని సరదా పుట్టింది నాకు. స్లేటుకు ఒక పక్క చెవి ఆనించి రెండో పక్క గోటితో గీకితే ఎంత గట్టిగా వినబడుతుందో చూపించాలి. అందరూ రేపు స్లేట్లు తేవాలని ఇంగ్లీషులో చెప్పాను.

వెనక వరుసలో ఒక పాప అయోమయంగా చూసింది. ఆ ఏడే చేరింది, ఇంట్లో తెలుగు. తనకొచ్చిన ఇంగ్లీషల్లా హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడం" అనడమే. అదీ కిటికీలు అదిరేలా అరిచేది, ఎన్నిసార్లు కసిరినా గొంతు తగ్గేది కాదు. దగ్గరికి పిలిచి, "రేపు పలక తెచ్చుకో, మర్చిపోకు" అని తెలుగులో చెప్పాను. ముఖం వెలిగిపోయింది. పలకకే ఇంత సంబరమా అనుకున్నాను.

మర్నాడు పాప పలకే తెచ్చింది. మా గుంటూరు వైపు దాన్ని డప్పంటాం. వాళ్ళింట్లో దాని పేరు పలక. వాళ్ళ నాన్న శవాల ముందు వాయించేది. పాత దుప్పటిలో చుట్టి, పొట్టకు హత్తుకుని మోసుకొచ్చింది. ముట్టుకుంటే తోలు ఇంకా వెచ్చగా ఉంది.

శబ్దం పాఠానికి అంతకంటే మంచి వస్తువు ఎక్కడ దొరుకుతుంది? నాలుగు బియ్యపు గింజలు వేసి ఒక్క దెబ్బ కొడితే గింజలు ఎగిరేవి. నాకు తెలుసు. తెలిసే చెయ్యలేదు. ముందు వరుస పిల్ల ముక్కు మూసుకుని, అది చచ్చినవాళ్ళ ముందు కొట్టేదని చెప్పింది. తరగతంతా గొల్లుమంది. నాకేమో తల్లుల ఫోన్ గ్రూపులో సాయంత్రానికి ఏం రాస్తారోనని భయం. పాప నావైపే చూస్తోంది.

"బయట పెట్టు," అన్నాను. "బూట్ల దగ్గర."

పెట్టి వచ్చింది. చేతులు కూడా కడుక్కురమ్మన్నాను, నా నోరు పడిపోను. తిరిగొచ్చేసరికి పక్కపిల్ల దూరంగా జరిగి కూర్చుంది. ఆ తర్వాత అందరి చేతా స్లేట్లు గీకించి, గట్టి వస్తువుల్లో శబ్దం ఎంత బాగా పోతుందో వివరించాను. పాపకు స్లేటు లేదు. ఎవరూ ఇవ్వలేదు, నేనూ ఇమ్మనలేదు.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాడు. గార్మెంట్ ఫ్యాక్టరీలో మూటలు మోసే మనిషి, భుజం మీద ఇంకా దారప్పోగులున్నాయి. పిల్లలందరూ విన్నారా అని నవ్వుతూ అడిగాడు.

"పలక తెమ్మనింది మీరేనంట గదా మేడం. పొద్దన్నే మంటకు కాంచి పంపిస్తిని. కాంచకుంటే పలకదు గదా."

తప్పు నాదని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. చాలా బాగా పలికిందని చెప్పాను. పాప ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి నా అబద్ధమంతా వింది. ఆయన మురిసిపోయి పలకను వేలితో ఒకసారి తట్టాడు. చల్లారిపోయి మొద్దుగా మోగింది.

మర్నాడు హాజరు పిలిచాను. పాప పేరు దగ్గర గది నిశ్శబ్దమైపోయింది. రాలేదేమోనని తలెత్తి చూస్తే, చెయ్యెత్తి కూర్చుని ఉంది. మళ్ళీ పిలిచాను. చెయ్యి ఇంకాస్త పైకెత్తింది.

మార్చి దాకా అంతే. నేను పిలిచేదాన్ని, పాప పలికేది కాదు. టిక్కు పెట్టి తర్వాతి పేరుకు వెళ్ళిపోయేదాన్ని.