బాణాల మేడం

ఆవిడ అసలు పేరు ఆ కోచింగ్ సెంటర్లో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ బాణాల మేడమే. ఇంగ్లీషు పేరాలో ‘ఇట్’, ‘దిస్’, ‘దట్’ ఎక్కడ కనబడినా దాని చుట్టూ సున్నా చుట్టాలి. అది వెనక ఏ మాటను పట్టుకుని వేలాడుతోందో అక్కడిదాకా ఎర్ర పెన్నుతో బాణం గీయాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే గోల.

“బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ‘దిస్’ మేనేజరుకు కోపం తెప్పించింది. ఏది తెప్పించింది? బస్సా?” అని గద్దిస్తుంది.

“ఆలస్యంగా రావడం మేడం!”

“హమ్మయ్య! బాణం ఒక్క మాట మీదే వాలక్కర్లేదు, మొత్తం సంగతి మీద వాలొచ్చు. కానీ ఆ సంగతి ముందు చెప్పి ఉండాలి. చెప్పకుండా ‘అది’ అంటే ఎదుటివాడికేం తెలుస్తుంది, మీ మొహం!”

చెప్పడానికేనండీ నీతులున్నది. ఇంట్లో ఆవిడా, దర్జీ అయిన ఆవిడ భర్తా ఐదు నెలలుగా ‘అది’ అనే మాట మీదే కాపురం నెట్టుకొస్తున్నారు. “అదెలా ఉంది?” “అదా, ఫర్వాలేదు.” అదంటే ఆయన కుడిచెయ్యి వణుకు. దర్జీకి చెయ్యి వణికితే ఇంకేముంది, ముప్పై ఏళ్ల కొట్టు మూతపడ్డట్టే. అందుకే ఇద్దరూ ఆ మాట నోట రానివ్వలేదు. ఆయన చెయ్యి జేబులో దాచుకునేవాడు. ఆయన స్నానానికి వెళ్లగానే ఆవిడ, కొట్టు నుంచి తెచ్చిన ప్యాంట్ల అంచులు తిరగేసి, వంకరపోయిన చేతికుట్లు విప్పి, మళ్లీ తిన్నగా కుట్టి, ఎప్పటిలా మడతపెట్టేసేది. ఆయనకు తెలియకుండా చేస్తున్నాననే అనుకునేది, పిచ్చి మనిషి.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆయన్ను నరాల డాక్టరు రమ్మన్నాడు. “నువ్వు రానక్కర్లేదు, క్లాసు మానకు,” అన్నాడాయన పొద్దున. “మీ ఇష్టం,” అందావిడ. అన్నందుకు తనను తాను తిట్టుకుంటూనే క్లాసుకు వచ్చింది.

కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరకు వెళ్తుంది, గడియారం చూస్తుంది, మూత తీయని పెన్నుతో బోర్డు మీద రాయబోతుంది. వెనక బెంచీలో ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. మామూలు రోజైతే వాళ్ల పని అయ్యేదే! చివరికి వాళ్ల నోళ్లు మూయించడానికి తోచిన నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో గబగబా రాసి పడేసింది. ఒక దర్జీ కొట్టు పెందరాళే మూశాడు. రోడ్డు దాటి ఆస్పత్రికి వెళ్లాడు. ‘ఇట్’ ఎండాకాలంలో మొదలైంది. భార్య తోడు వెళ్లలేదు.

“ఊఁ, గీయండి బాణాలు.”

బాణాలు పోయి గొడవ మొదలైంది. కొట్టే మొదలైందన్నాడు ఒకడు. కాదు, ఆస్పత్రి అన్నాడు ఇంకొకడు. ముందు బెంచీలో ఒక నర్సు కూర్చుంటుంది. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వస్తుంది. ఆమె ఎర్ర పెన్ను కింద పెట్టేసింది.

“మేడం, దీనికి వెనక ఏమీ లేదండీ. బాణం ఎక్కడికి పోవాలి?”

మేడం బోర్డు వైపు తిరిగి చదువుకుంది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చెయ్యని తప్పు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఏముండాలో చెప్పండి మేడం, రాసుకుంటాం,” అంది నర్సు మెల్లగా.

“దర్జీ చెయ్యి వణుకుతోంది.” ఐదు నెలల్లో పైకి అనడం అదే మొదలు. “అదీ మొదటి వాక్యం. నేనే రాయలేదు.”

నర్సు గడియారం చూసింది. “నాలుగుంబావు. ఇందాకటి నుంచీ గడియారమే చూస్తున్నారు, మీరు బయల్దేరండి మేడం. బాణాలు నేను దిద్దుతాను.”

ఆస్పత్రి వరండాలో చివరి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడాయన. ఒళ్లో అట్ట, అట్టకు బిగించిన ఫారం, దారంతో కట్టిన పెన్ను. ఫారం మీద పేరైనా రాయలేదు. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

“క్లాసు?”

“అప్పజెప్పి వచ్చా. ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ? ఇంగ్లీషు రాక ఆగారా?”

“నీతో ఇన్నేళ్లు కాపురం చేసినవాడికి ఆ మాత్రం రాదా?” అని నవ్వబోయాడు. కుదరలేదు.

ఆవిడ అట్ట లాక్కుంది. పేరు, వయసు పూర్తిచేసింది. బాధ ఏమిటన్న గడిలో రాస్తూ పైకే చదివింది. “కుడిచెయ్యి వణుకుతోంది. ఐదు నెలల నుంచి. మనిషి దర్జీ. భయంగా ఉంది.”

“భయం ఎవరికని రాశావు?”

“ఇద్దరికీ.”

ఆయన నేల చూస్తూ అడిగాడు. “ఆ అంచులు విప్పి మళ్లీ కుడుతున్నావు కదూ?”

ఆవిడ బిత్తరపోయింది.

“నీ కుట్టు నాకు తెలీదా? నువ్వు ముడి రెండుసార్లు వేస్తావు, నేను ఒక్కసారే వేస్తా. రోజూ చూస్తూనే ఉన్నా. నా పెళ్లానికి తెలుసులే, ఇక నోరు విప్పక్కర్లేదు అనుకున్నా.”

ఏడుపొచ్చింది ఆవిడకు. కళ్లు తుడుచుకుని అట్ట ఆయన ఒళ్లో పెట్టింది. “కింద సంతకం మాత్రం మీదే.”

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. పెన్ను కాగితం మీద టకటకలాడింది. ఆవిడ మణికట్టు పట్టుకోబోయింది.

“పట్టుకోకు. చూడు.”

ఒక్కో అక్షరం ఎక్కుతూ దిగుతూ గీత దాటి పోయింది. చాలాసేపు పట్టింది. ఆవిడ చివరి అక్షరం దాకా చూసింది.