వీరాచారి కంచం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఆషాఢమాసంలో నన్ను నరసరావుపేటలోని ఒక పరిశోధన విభాగానికి ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. కడుపు క్యాన్సర్ ఎందుకొస్తోందన్నది మా పరిశోధన. ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉన్న రోగుల ఇళ్లకు వెళ్లి ఉప్పు, పచ్చళ్లు, పొగాకు, తాగే నీళ్లు అన్నీ అడిగి ఫారాలు నింపేవాళ్లం. కడుపులో పుండ్లు చేసి క్యాన్సర్‌కూ దారితీసే హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని నాకు తెలియకపోలేదు. రోగి చనిపోతే భార్యనో భర్తనో అడుగుతాం. వాళ్లను ప్రాక్సీ అంటాం. మాట్లాడేది వాళ్లే గాని, ఫారం మాత్రం పోయినవాళ్లది.

మాచర్ల మెకానిక్ కూతురు షకీలా మా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. దుర్గిలో శిల్పి వీరాచారి భార్య నాగరత్నాన్ని అడిగి షకీలా నింపుకొచ్చిన ఫారం చూసి నాకు ఒళ్లు మండింది. వీరాచారి పోయింది చైత్రంలో. ఫారంలో చూస్తే, నిన్న గోంగూర పచ్చడితో తిన్నాడు, రెండు ముద్దలకే కడుపు నిండిందన్నాడు, పొద్దున విరేచనం తారులా నల్లగా అయింది అని ఉంది. చచ్చినవాడికి విరేచనమేంటమ్మా అని విసుక్కున్నాను.

“మూడుసార్లు అడిగా సార్. నిన్ననే అంది. ఆ ఇంట్లో ఏందో ఉంది సార్, నాకు చానా భయమేసింది,” అంది షకీలా.

ముప్పయ్యేళ్ల సర్వీసు పొగరు నాది. ఫారం మీద ఎర్రసిరాతో ‘చెల్లదు’ అని అడ్డంగా రాసి పడేశాను. అలా కొట్టేసిన ఇంటికి సూపర్‌వైజరే మళ్లీ వెళ్లి అడగాలన్నది నియమం. రేపు, మాపు అంటూ షకీలాను వెంటబెట్టుకుని నేను కదిలేసరికి దసరా దాటింది.

వీరాచారి ఇంటి వాకిట్లో కళ్లు ఇంకా చెక్కని రాతి విగ్రహాలు బారుగా ఉన్నాయి. అన్నిటి మీదా దుమ్ము. ఆయన కూర్చుని చెక్కే చోటు మాత్రం అప్పుడే ఊడ్చి నీళ్లు చల్లినట్టుంది. మిట్టమధ్యాహ్నం. లోపల పీట ముందు కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. పీట మీద ఎవరూ లేరు.

“కూసోండన్నా. ఆయన తింటన్నాడు,” అంది నాగరత్నం.

ఏడుపు లేదు, పూనకం లేదు, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే అంది. షకీలా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నాగరత్నం పీట వైపు వంగి, “ఏంది, ఇంకో ముద్ద తినవా? సర్లే,” అని కంచం తన ముందుకు లాక్కుంది. మొగుడు లేచాక అదే కంచంలో తినడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. మాకు కాస్త పక్కకు తిరిగి రెండు ముద్దలు తింది. మూడో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎడంచెయ్యి పొట్టను అదుముకుంది.

“చూశారా, చాలంట ఆయనకి. రోజూ ఇంతే.”

అప్పుడు చూశాను. రవిక చేతులు ఆమె జబ్బల మీద వదులుగా వేలాడుతున్నాయి. ఫారంలో రాసిన కడుపు క్యాన్సర్ లక్షణాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దెయ్యం కనబడినా అంత భయపడేవాణ్ణి కాదేమో.

షకీలా గుమ్మంలోంచే నెమ్మదిగా అడిగింది. “పిన్నీ, నల్లగా అయ్యేది ఎవరికి?”

నాగరత్నం కంచం పక్కకు నెట్టింది. “మీరు ఆయన సంగతి గదా అడిగింది తల్లీ. నా సంగతి రాసేదానికి మీ కాయితంలో చోటేడుంది?” అంది.

మర్నాడే గుంటూరు తీసుకెళ్లి ఎండోస్కోపీ చేయించాం. గడ్డ కడుపు దాటి కాలేయానికి పాకింది. ఫారం నింపిన నాడే తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్‌కు అవకాశం ఉండేదేమోనన్నారు డాక్టరుగారు. ఆయన నన్ను ఏమీ అనలేదు. అనాల్సింది నన్నే.

మాఘం రాకుండానే ఆమె పోయింది. రిజిస్టర్‌లో ఆమె పేరూ ఎక్కింది కాబట్టి ఫారం కావాలి. చెప్పడానికి ఆ ఇంట్లో ప్రాక్సీ ఎవరూ మిగల్లేదు. బీరువాలోంచి నేను కొట్టేసిన పాత ఫారం తీశాం. అన్నీ అందులోనే ఉన్నాయి. షకీలా పైన పేరొక్కటి మార్చింది.

ఎదుటి మనిషి ఎవరి గురించి చెబుతున్నా, ముందు చెప్పే మనిషిని చూడాలి. నేను రిటైరయ్యేలోగా ఫారంలో ఒక ప్రశ్న అదనంగా చేర్పించాను. ఆ కంచంలో ఇంకెవరు తింటారు?