పొద్దుగాల ఏం తిని పోయిండు?

బొగ్గుబాయిలో పైకప్పు కూలినా, గేటు దగ్గర రైలు ఆటోను గుద్దినా, దినాలు కాగానే రైళ్లలో పాడుకునే ఒకాయన తంబూర భుజాన వేసుకుని పోయినవాళ్ల ఇంటికి వచ్చేవాడు. ఎట్లా చచ్చిపోయాడని అడిగేవాడు కాదు. "పొద్దుగాల ఏం తిని పోయిండు?" అని ఒక్కటే అడిగేవాడు. ఆ జవాబుతోనే పాట మొదలుపెట్టి, పెద్దపల్లి నుంచి మంచిర్యాల దాకా ప్యాసింజరు రైల్లో పాడుకుంటూ పోయేవాడు. చావు ఇళ్లు వెతుక్కుంటూ తిరిగే మనిషని నాకు ఒళ్లు మండేది.

మా బాపు బాయిలో పోయినప్పుడు మా ఇంటికీ వచ్చాడు.

"పెసరుపప్పు ఏసుకొని కడుపునిండ తిన్నడన్నా," అంది అవ్వ.

అది అబద్ధం. ఆ పొద్దున ఆలుమగలిద్దరూ కొట్లాడుకున్నారు. బాపు కంచం నెట్టేసి డ్యూటీకి పోయాడు.

ఆ తర్వాత రైల్లో ఆ పాట వినబడితే చాలు, అవ్వ లేచి ఇంకో పెట్టెలోకి పోయేది. పోయిన చలికాలం మాత్రం జనం కిక్కిరిసి ఉండి కదలలేకపోయింది. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "పెసరుపప్పు బువ్వ తిని పాయెరా..." అని ఎత్తుకున్నాడు. అవ్వ తంబూర తీగలను గట్టిగా పట్టుకుంది.

"అన్నా, గా ముక్క తీసెయ్యి. మా ఆయన తినలే. ఉపాసం పోయిండు."

ఆయన మెల్లగా ఆమె వేళ్లు విడిపించాడు.

"ముప్పయ్యేండ్ల సంది పాడుతున్న చెల్లె. నా పాటల్ల ఒక్కడు గూడ ఉపాసం పోలే. ఏ ఇంటికి పోయినా, కడుపునిండ తిన్నడనే జెప్తరు."