స్టెప్నీ బాబాయ్ బండి రిపోర్టు

మా పై వాటాలో ఉండే బాబాయ్‌ని వీధి వీధంతా స్టెప్నీ అనే పిలుస్తుంది. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా కవరు మీద పేరు చూడడు, "స్టెప్నీగారికి ఉత్తరం!" అని కింద నుంచే కేకేస్తాడు. బాబాయ్ సైన్యంలో ఇరవై రెండేళ్ళు లారీ తోలాడు. అదీ మామూలు రోడ్ల మీదా? ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో లారీ కన్నా జానెడు సన్నగా ఉండే రోడ్డు. "జానెడు తక్కువైతే ఎలా తోలావు బాబాయ్?" అంటే, "ఆ జానెడూ గాల్లో తోలేవాణ్ణి" అంటాడు. నేను నమ్ముతాను. నమ్మకపోతే తరవాతి కథ చెప్పడు.

ఆ కొండల్లోనే ఒకరోజు మంచు పడుతుండగా లారీ వెనక టైరు పేలింది. పక్కనున్న రెండో డ్రైవరుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని అదనపు చక్రాన్ని, అదే స్టెప్నీని, బాబాయ్ ఒక్కడే ఎత్తి బిగించాడు. చక్రం పైకి లేచింది, నడుము కిందికి కూలింది. టక్కుమని చప్పుడు వచ్చిందట. ఆ చప్పుడు లోయలోకి దిగి, అవతలి కొండకి తగిలి, తిరిగి వచ్చిందని నేను అందరికీ చెబుతుంటాను. అంత మాట బాబాయ్ అనలేదు గానీ, అనుంటే బాగుండేది. ఆ పేరు అప్పుడు అంటుకున్నదే. నడుము నొప్పీ అప్పుడు అంటుకున్నదే. రెండూ పద్దెనిమిదేళ్ళుగా ఊడలేదు.

ఆయన పరుపు మీద పడుకోలేడు. పాత తలుపొకటి ఊడదీసి నేల మీద పరుచుకుని, దాని మీద దుప్పటి వేసుకుని పడుకుంటాడు. దాని గొళ్ళెం ఇంకా దానికే ఉంది. పొద్దున్నే పిన్ని ఆ గొళ్ళేన్ని టకటకలాడించి ఆయన్ని లేపుతుంది. సాక్సులు తొడుక్కోవడానికి రెండు బట్టల క్లిప్పులు, ఒక తాడు పెట్టి ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. నడుము వంచకుండా, అంత దూరాన ఉన్న పాదానికి గాలం వేసినట్టు సాక్సు వేస్తాడు. కింద ఏదైనా పడితే ముందు అటూ ఇటూ చూస్తాడు. ఎవరూ లేరనుకుంటే ఒక మోకాలి మీద దిగి, చక్రం నట్లు విప్పేవాడిలా కూర్చుని తీస్తాడు. లేచేటప్పుడు బీరువా పట్టుకుంటాడు. పాపం ఆ బీరువా ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయన నడుముకి సైన్యాన్ని పరిహారం అడుగుతున్నాడు సరే, దాని నడుముకి ఎవరిస్తారో!

ఇంత జరుగుతున్నా, "నడుము ఎలా ఉంది బాబాయ్?" అని అడిగితే ఒకటే మాట.

"ఫస్ట్ క్లాస్."

ఆ ఫస్ట్ క్లాసే కొంప ముంచింది. సైన్యం నుంచి బయటికొచ్చే ముందు డాక్టరు అడిగాడట, ఒంట్లో ఏమైనా బాధలున్నాయా అని. ఉన్నాయంటే రెండు నెలలు ఆసుపత్రిలో ఉంచి పరీక్షలు చేస్తారు. బాబాయ్ జేబులో అప్పటికే రైలు టికెట్టు ఉంది. "ఏమీ లేవు సార్, ఫస్ట్ క్లాస్" అన్నాడు. డాక్టరు అదే రాశాడు. ఈయన దాని కింద సంతకం పెట్టి, పెట్టె సర్దుకుని, నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాడు.

తరవాత పదేళ్ళకి, ఇక తట్టుకోలేక, నడుముకి పరిహారం పింఛను ఇప్పించండి బాబూ అని అర్జీ పెడితే, ఆ సంతకం కాగితమే తీసి చూపించారు. అయినా మెడికల్ బోర్డుకి, అంటే సైన్యం డాక్టర్ల ముందుకి, రమ్మన్నారు. వెళ్ళాడు. ఎలా వెళ్ళాడు? ప్యాంటు ఇస్త్రీ మడత మీద ఈగ వాలితే రెండు ముక్కలయ్యేలా. బూట్లలో పిన్ని జడ సరిచూసుకునేలా. ఆఫీసర్లని చూడగానే మడమలు టప్పున కలిపి, గడకర్రలా నిలబడ్డాడు. "నొప్పి ఉందా?" అంటే, "కొద్దిగా సార్, పర్వాలేదు" అన్నాడు. వాళ్ళూ పర్వాలేదనే రాశారు. రెండోసారీ అదే ప్యాంటు, అవే బూట్లు, అదే పర్వాలేదు.

మూడోసారి పిలుపు వచ్చింది. ఇదే ఆఖరని, ఈసారి కూడా కాదంటే ఫైలు మూసేస్తామని అందులో రాసి ఉంది. ఇక్కడి డాక్టరేమో నడుముకి ఆపరేషన్ తప్పదని ఎప్పుడో చెప్పేశాడు. మంజూరైతే సైన్యం ఆసుపత్రిలోనే చేస్తారు. కాకపోతే మా బాబాయ్‌కి ఆ తలుపూ ఆ గొళ్ళెమూ మిగులుతాయి.

అందుకని నేనే రంగంలోకి దిగాను. వరండాలో బాబాయ్‌ని నిలబెట్టి తర్ఫీదు మొదలుపెట్టాను.

"బాబాయ్, లోపలికి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకో. కూర్చునేటప్పుడు 'అమ్మా' అను."

"మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు పిలిచి ఏం పని చెప్పను?"

"పోనీ 'అబ్బా' అను."

"లేని నొప్పి నటించమంటావటే అమ్మాయ్?"

"ఉన్న నొప్పే కదా! మాకు చూపించకపోతే పోనీ, వాళ్ళకైనా చూపించమంటున్నా."

"ఆఫీసర్ల ముందు మూలుగుతారా ఎవరైనా?"

ఎలాగో బతిమాలి నాలుగు అడుగులు కుంటించాను. పిన్ని వంటగది గుమ్మంలోంచి చూసి నెత్తి కొట్టుకుంది. "ఏవండీ, అది మంచి కాలండీ, నడుము నొప్పి లాగేది రెండోదాన్ని కదా! కుంటేది కూడా తప్పు కాలుతోనా?"

అక్కడితో తర్ఫీదు ఆగిపోయింది. బోర్డు ఇంకా నెలా పదిరోజులుందనగా ఇంకో సంగతి జరిగింది.

మా ఆయన సరుకులు చేరవేసే వ్యాను తోలతాడు. ఆ పొద్దున ఇంజిన్ రొద పెడుతోంది గానీ బండి సరిగా కదలడం లేదు. బాబాయ్ పైనుంచి, బండి మొహం కూడా చూడకుండా, వట్టి చప్పుడు విని అడిగాడు.

"అల్లుడూ, క్లచ్ జారుతోందా?"

"లేదు మామయ్యా, ఏదో బాగానే నడుస్తోంది" అన్నాడు మా ఆయన. బాగుచేయించే పని ఎగ్గొట్టడానికి ఆయన ఎప్పుడూ అనే మాటే.

బాబాయ్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది. గోడ మీద పావురాలన్నీ లేచిపోయాయి. "బండిలో లోపం దాచేవాడు డ్రైవరే కాదు! మా దగ్గర రోజూ పొద్దున్నే ప్రతివాడూ బండి చుట్టూ తిరిగి చూడాలి. ఏది లూజైంది, ఏది కారుతోంది, ఏది విరిగింది, అన్నీ రిపోర్టు ఇచ్చి సంతకం పెట్టాలి. ఒక్క నట్టు దాచినా శిక్షే. నీ సిగ్గు కోసం బండిని చంపుతావా?"

మా ఆయన తల దించుకున్నాడు. పై వాటాలో బట్టలు ఆరేస్తున్న పిన్ని మాత్రం తడి చొక్కా చేతిలోనే పట్టుకుని, ఆరేయడం మరిచిపోయి, ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్టు ఇవ్వడానికి నేను పైకి వెళ్ళాను. ఇవ్వడం ఎంతసేపు, అక్కడే నిలబడ్డాననుకోండి. పిన్ని నడుముకి చెంగు దోపుకుని వచ్చి, గొళ్ళెం టకటకలాడించి, మేజర్ గొంతుతో అరిచింది.

"డ్రైవర్! బండి రిపోర్టు!"

బాబాయ్ కళ్ళు తెరిచాడు. "ఏ బండి?"

"ఇదిగో, ఈ తలుపు మీద పార్కు చేసి ఉందే, ఈ బండి."

ఆయన నవ్వాడు. మీసం కూడా నవ్వింది. ఆటలో పడ్డట్టే మొదలుపెట్టాడు. "ఇంజిన్ ఫస్ట్ క్లాస్. హెడ్‌లైట్లు కొంచెం డిమ్ము. హారన్ నువ్వుండగా నాకు అవసరం లేదు."

"నవ్వులు కాదు. బండి మొత్తాన్ని మోసే ఛాసిస్ సంగతి చెప్పండి. దాచితే శిక్ష!"

ఆయన పైకప్పు కేసి చూశాడు. మీసం నవ్వడం మానేసింది. "ఛాసిస్ వెనక, కింద నుంచి రెండో జాయింటు లూజైంది. కమాన్ పట్టీలు ఎప్పుడో పోయాయి, చిన్న గతుకుకి కూడా దెబ్బ నేరుగా పైదాకా కొడుతుంది. పొద్దున్న స్టార్ట్ అవడానికి ఇరవై అయిదు నిమిషాలు. మెట్లు దిగేటప్పుడు బ్రేకు పట్టదు. ఎడమ వెనక చక్రం నేల మీద ఆనిందో లేదో తెలియదు."

పిన్ని గొళ్ళెం వదిలేసింది. "ఎడమ చక్రమా? అంటే... ఎడమ పాదమా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు."

ఒకే గదిలో ఉంటూ ఎనిమిది నెలలు తెలియలేదు ఆమెకి. వీధిలో ఎవరింట్లో చెంచా పడ్డా ముందు నాకే తెలుస్తుంది, నాకూ తెలియలేదు. పిన్ని నా వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆయన చూస్తాడని. "రాయవే అమ్మాయ్. ఈ రోజు తారీకు వేసి అంతా రాయి" అంది.

అలా ఒక నోటు పుస్తకంలో ముప్పై ఎనిమిది రోజులు రాశాను. నా చేతిరాత చూసి కోడి కూడా నవ్వుతుంది, అయినా ఒక్క రోజు తప్పలేదు. రోజూ గొళ్ళెం మోగడం, రిపోర్టు అనడం, ఆయన బండి మాటల్లో చెప్పడం, చివర సంతకం పెట్టడం. "ఫస్ట్ క్లాస్" అన్న మాట ఒక్క ఇంజిన్‌కే మిగిలింది.

బోర్డు రోజున ముగ్గురం వెళ్ళాం. పొడవాటి వరండా, గోడకి బల్లలు, బల్లల నిండా నడుములూ మోకాళ్ళూ. లోపల ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో కూర్చున్నది నెరిసిన జుట్టు డాక్టరమ్మ. గుమ్మానికి తలుపు లేదు, తెర మాత్రమే. తెర వేసినవాళ్ళు నాలాంటి వాళ్ళ గురించి ఆలోచించలేదు.

బాబాయ్ ఆ రిపోర్టుల పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. టప్! మడమలు కలిసిన చప్పుడు. నేను తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"కూర్చోండి."

"నిలబడతాను సార్." డాక్టరమ్మ అయినా ఆయనకి సారే. ర్యాంకు ఉన్నవాళ్ళందరూ సార్లే.

"నడుము ఎలా ఉంది?"

"ఫస్ట్ క్లా..."

పిన్ని బల్ల మీంచి లేచింది. జీవితంలో ఎప్పుడూ పక్కింటికి వినబడేలా మాట్లాడని మనిషి, వరండాలో నడుములన్నీ నిటారైపోయేలా అరిచింది.

"డ్రైవర్! బండి రిపోర్టు!"

కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, ఆఫీసా బస్టాండా?" అని ఆమెని కూర్చోబెట్టాడు. మేము చెడగొట్టేశాం, అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు బాబాయ్ గొంతు వినిపించింది. అటెన్షన్‌లోనే నిలబడి, పైనుంచి కిందికి, ఇంజిన్ నుంచి ఎడమ చక్రం దాకా, ఒక్క నట్టు దాచకుండా అంతా చెప్పి, పుస్తకం వాళ్ళ బల్ల మీద పెట్టాడు. ఒక ఆఫీసరు కిసుక్కుమన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఈ లోపం ఎప్పటి నుంచి?"

ఆయన తన పెళ్ళిరోజు ఎప్పుడూ మరిచిపోతాడు. ఇది మాత్రం తారీకుతో సహా చెప్పాడు. లారీ నంబరు, వంతెన దాటాక మూడో మలుపు, కుడి వెనక బయటి టైరు. "స్టెప్నీ ఒక్కణ్ణే ఎత్తాను సార్. ఆ తరవాత పదకొండు రోజులు బండి తోలలేకపోయాను. స్టోర్స్ గదిలో పడుకున్నాను. నా బదులు ఇంకో డ్రైవరు తోలాడు. లాగ్ బుక్‌లో ఉంటుంది సార్."

"ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదు?"

"డ్రైవర్లు తక్కువ సార్. తరవాత నడుము వెనక చెక్క కట్టుకుని ఆరేళ్ళు తోలాను."

"ఇంతకు ముందు రెండు బోర్డుల్లో ఈ సంగతి చెప్పలేదేం?"

"నొప్పి ఉందా అని అడిగారు సార్. బండి గురించి ఎవరూ అడగలేదు."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తెర అంచులోంచి చూశాను, అబద్ధం ఎందుకు. ఆమే ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఎడమ పాదాన్ని సూదితో తాకింది. "తగిలిందా?" అంది. "ఇంకా తాకలేదు కదా సార్" అన్నాడు. అప్పటికి నాలుగుసార్లు తాకింది. నేను నాలుగని చెబుతున్నానంటే నాలుగే, ఇందులో ఒక్కటి కూడా కలపలేదు.

రెండున్నర నెలలకి "స్టెప్నీగారికి ఉత్తరం!" అని కేక. లాగ్ బుక్ తెప్పించి చూశారట. ఆ తారీకున టైరు మార్చినట్టు ఉంది, పదకొండు రోజులు డ్రైవరు మారినట్టూ ఉంది. లారీ టైరు పేలిన సంగతిని సైన్యం పద్దెనిమిదేళ్ళు భద్రంగా దాచింది. మా బాబాయ్ నడుము విరిగిన సంగతి దాని పక్కనే, ఎవరూ రాయకుండానే, అన్నాళ్ళూ ఉంది. నడుము సర్వీసులో పోయిందేనని, యాభై శాతం అంగవైకల్యమని, పరిహారం మంజూరని, ఆపరేషన్‌కి ఫలానా రోజున రమ్మని రాశారు.

"యాభై శాతమేనా?" అన్నాడు మా ఆయన.

"మిగతా యాభైతో నీ వ్యాను తోలమన్నా తోలతాను" అన్నాడు బాబాయ్. పిన్ని ఆ కాగితాన్ని మడిచి, ఒరిగిన బీరువాలో, పట్టుచీర మడతలో పెట్టింది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున్న పాల ప్యాకెట్టుతో నేను పైకి వెళ్ళేసరికి పిన్ని గొళ్ళెం దగ్గర కూర్చుని ఉంది. ఈసారి అరవలేదు.

"డ్రైవర్, బండి రిపోర్టు" అంది మెల్లగా.

బాబాయ్ ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"బండి కాదే," అన్నాడు. "నాకే. నాకు చాలా నొప్పిగా ఉంది."

"తెలుసు" అంది పిన్ని. మేకుకి వేలాడుతున్న క్లిప్పుల యంత్రాన్ని పక్కకి నెట్టి, సాక్సు తీసుకుని ఆయన పాదాల దగ్గర కూర్చుంది. ఆయన వద్దనలేదు. కాలు చాచాడు.

నేను పాల ప్యాకెట్టు గుమ్మంలో పెట్టేసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఇంకేమీ చూడకుండా కిందికి దిగిపోయాను. సగం మెట్ల దాకా అనుకోండి.