పునుగుల బండి దగ్గర వాయిదా

ఏ పార్టీ ఆర్థిక విధానం పేదవాడికి ఎక్కువ మేలు చేస్తుందో మీరు తేల్చగలరా? తేల్చుకోవాలనుంటే తిరుపతిరావుగారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆయన మీ వాదన ఆసాంతం వింటారు, తల ఊపుతారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, "తీర్పు రేపటికి వాయిదా" అంటారు.

కోర్టులో బెంచి క్లర్కుగా ఉద్యోగమంతా వాయిదాలు పిలిచి రిటైరైన మనిషి. ఏం కూర వండమంటారని భార్య ఛాయాదేవి అడిగితే వంకాయ పక్షమూ దొండకాయ పక్షమూ విని వాయిదా వేసేవారు. ఆవిడ ఏకపక్షంగా పప్పు వండేసేది.

సాయంత్రం గవర్నర్‌పేటలో, మెహబూబ్ బీ పునుగుల బండి పక్కన ఆయన ప్లాస్టిక్ కుర్చీ పడిందంటే విచారణ మొదలైనట్టే. పథకాల పార్టీ తరఫున ఆరోన్, పరిశ్రమల పార్టీ తరఫున చక్రి. ఇద్దరూ వార్డు నాయకులే. ఇద్దరి వెనకా చెరో గుంపు.

"పేదోడి చేతిలో నాలుగు డబ్బులు పడితేనే కదండీ కొట్లు నడిచేది! పించను ఆగితే మా వీధి ముసలమ్మలకి మందుబిళ్ల ఎవడు కొంటాడు?" అనేవాడు ఆరోన్.

"ఎన్నాళ్లు పంచుతావయ్యా? మా నాన్న ఉయ్యూరులో చెరుకు నరికీ నరికీ నడుం విరగ్గొట్టుకున్నాడు. మా ఇల్లు నిలబడింది అన్నయ్యకి కంపెనీలో ఉద్యోగమొచ్చాకే!"

"ఉద్యోగమొచ్చేదాకా ఏం తినాలి, నీ ఉపన్యాసమా?"

"పునుగులు తినండి," అనేది మెహబూబ్ బీ వాయి తీస్తూ. "ఎవరు మంచోళ్లో తర్వాత తేల్చుకుందురుగానీ, ముందా ప్లేట్లు ఇటివ్వండి."

ఈ తంతు సింధూరికి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. తిరుపతిరావుగారి అన్న కూతురు. లా చదివి కొత్తగా నల్లకోటు తొడిగిన పిల్ల. ప్రశ్న ఉన్నప్పుడు జవాబు ఉండి తీరాలన్నది ఆమె సిద్ధాంతం.

"బాబాయ్, ఉభయుల వాదనా అయింది. తీర్పివ్వడానికి నీకేం అడ్డం?"

"చట్నీ సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదమ్మా."

ఇంతలో రోడ్డు మీది బండ్లన్నీ కార్పొరేషన్‌వాళ్లు తీసేస్తారన్న వార్త వచ్చింది. ఏలూరు రోడ్డు మలుపులో తాళాలు బాగుచేసే బాజీ బండికి అప్పుడే హెచ్చరిక అందింది. మెహబూబ్ బీ వీధి వ్యాపారి గుర్తింపు కార్డు కోసం పెట్టుకున్న అర్జీకి జవాబే లేదు. బండి పోతే ఆమెకు మరో బతుకుతెరువు లేదు. సింధూరి హైకోర్టుకు పిటిషన్ రాయడం మొదలుపెట్టింది. అది పూర్తికాకముందే లారీ వచ్చేసింది.

సింధూరి అడ్డంగా నిలబడింది. "వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ తొలగించడానికి వీల్లేదు!"

"అవన్నీ ఆఫీసులో చెప్పుకోండి మేడం," అన్నాడు సూపర్‌వైజరు. "ఏయ్, బండి ఎత్తండి!"

తిరుపతిరావుగారు కుర్చీలోంచి లేవలేదు. కళ్లజోడు మాత్రం తుడుచుకున్నారు. "ఆరోన్, చక్రీ! మాటల వాదన ముగిసింది. పేదల పక్షం ఎవరో ఇవాళ రుజువు కావాలి."

మరుక్షణం ఇద్దరూ లారీ ముందున్నారు.

"ముందు నేనొచ్చా!"

"బంపరంతా నీదేనా? జరుగు!"

వాళ్ల వెనకే రెండు గుంపులూ కదిలాయి. రెండు పార్టీల పెద్దల నుంచీ తనకి రెండు ఫోన్లు వచ్చేసరికి సూపర్‌వైజరు లారీ వెనక్కి తిప్పించాడు.

సింధూరి తెల్లబోయింది. "ఇందుకా బాబాయ్, ఇన్నాళ్లూ తేల్చనిది?"

"తేలిస్తే గెలిచినవాడికి మళ్లీ వచ్చే పని ఉండదు. ఓడినవాడు అలిగి రాడు. మరి ఇవాళ ఇక్కడ ఎవరుండేవారు?"

"లారీ మళ్లీ వస్తుంది. నేను పిటిషన్ వేసి తీరతాను."

"వెయ్యి. అది మాత్రం వాయిదా వెయ్యకు."

చెమట తుడుచుకుంటూ ఆరోన్ వచ్చాడు. "సార్, ఇవాళైనా చెప్పండి. ఎవరిది మేలు?" చక్రి కూడా చేతులు కట్టుకు నిలబడ్డాడు. మెహబూబ్ బీ సైతం స్టవ్వు తగ్గించి చెవి ఒగ్గింది.

తిరుపతిరావుగారు లేచారు. కుర్చీ ఎత్తి చంకన పెట్టుకున్నారు.

"నిర్ణయం తీసుకున్నాను. రేపటి నుంచి విచారణ బాజీ బండి దగ్గర. పునుగులు ఇక్కణ్నుంచే పార్సిల్ తెచ్చుకోవాలి."