అన్నం ప్లేటంత భూగోళం

టేకులపల్లి దగ్గర ఒక బడిలో నేను డ్రాయింగ్ టీచర్ని. అంటే, లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోతే నా పీరియడ్ ఆయనకు వదిలేసి వరండాలో నిలబడే మనిషిని. ఏటా ‘భూతాపం’ మీద జిల్లా పోటీ పెడతారు. ఏటా పిల్లలు మధ్యాహ్న భోజనం ప్లేటును కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిల్ తిప్పి భూగోళం చేస్తారు. దానికి రెండు కళ్ళు, కన్నీళ్ళు, నోట్లో థర్మామీటరు. ఎవరు నేర్పారో తెలియదు. నేను మాత్రం నేర్పలేదు.

ఈసారి ప్లేట్లు ముట్టుకోవద్దన్నాను. మీ ఇంట్లో జరిగేదే గీయమన్నాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వాళ్ళమ్మను గీసింది. గోడ దగ్గర నిలబడి, రెండు చేతులూ చాపి, సెల్ఫులోని గిన్నెలను అదిమి పట్టుకుని ఉంది. మా దగ్గరి బొగ్గు గనిలో రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ కూస్తుంది. ఆడవాళ్ళు లేచి వెళ్ళి గిన్నెలు పట్టుకుంటారు. గోడలు అదురుతాయి. ఆగాక మళ్ళీ పనిలో పడతారు. బొమ్మలో ఆమె ముఖంలో భయమేమీ లేదు. పొయ్యి మీద కూర మాడుతుందేమోనని అటు చూస్తోంది, అంతే.

“నాది జిల్లాకు పోతదా మేడమ్?” అంది పిల్ల.

“పోతది” అన్నాను.

ఒక్కో బడి నుంచి ఒక్క బొమ్మే పంపాలి. హెడ్మాస్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“మంచిగనే గీసింది మేడమ్. కని గిందుల ప్రపంచమేది?”

“వీళ్ళిల్లు చంద్రుని మీదున్నదా సార్?”

“మీతోని వాదించుడు నాతోని కాదు. టాపిక్ ఏంది? ప్రపంచ సమస్య. ఇది ఇంటి సంగతి. జడ్జీలు ఖమ్మం నుంచి వస్తరు. ఈమె డాన్స్ చేస్తుందనుకుంటరు.”

“ఆ బొగ్గు కాలితేనే కద భూమి వేడెక్కేది. అది తవ్వితేనే కద ఈ గిన్నెలు పడేది.”

అప్పుడే సైరన్ కూసింది. సారు టీ గ్లాసును అరచేత్తో మూశారు. నేను నా గ్లాసు మూశాను. బల్ల అదిరింది, పైనుంచి కాస్త సున్నం రాలింది. చేతులు తీసి టీ తాగాం.

“చూసిన్రా సార్? ఆ బొమ్మల మీ చెయ్యి గూడ ఉన్నది.”

“అవ్ మేడమ్, ఉన్నది. కని ప్రైజు రాదు.” ఆయన నవ్వలేదు. “రేపటికల్ల ఆ థర్మామీటరుది గీపియ్యిండ్రి. ఈ పిల్ల గీస్తే ఈ పిల్లదే పంపుదం. లేకుంటే పదో తరగతోళ్ళది పోతది.”

ఆ మాట పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. నాతో పోట్లాడుతుందేమోనని చూశాను. పోట్లాడితే మళ్ళీ సారు గదికి వెళ్ళేదాన్నే. ఆమె గోరు కొరుక్కుంది.

“గీస్తే నేను జిల్లాకు పోత కద మేడమ్?”

“పోతవు.”

“అయితే ప్లేటు తెచ్చుకుంట.”

మర్నాడు భోజనాలయ్యాక ప్లేటు కడిగి, లంగాకు తుడిచి, కాగితం మీద బోర్లించింది. సగం చుట్టు తిరిగేసరికి సైరన్ కూసింది. తల ఎత్తలేదు. ఎడమ చేత్తో ప్లేటును గట్టిగా అదిమి, కుడి చేత్తో పెన్సిల్ తిప్పుతూనే ఉంది. కిటికీలు గడగడలాడి ఆగాయి. ప్లేటు తీసింది. గీత ఎక్కడా వణకలేదు.

“కన్నీళ్ళకు ఏ రంగెయ్యాలె మేడమ్?”

“నీలం” అన్నాను.